కాలెట్ చక్ చేసిన వానాకాలం

మా ఆవిడ పోయాక ఆ ఇంట్లో మిగిలింది నేనూ, వాళ్ళమ్మా.

ఫిలింనగర్‌లో గుట్ట వెనకవైపు, పెద్ద బంగళాల వరస అయిపోయి సందులు మొదలయ్యే చోట మా ఫ్లాటు. కెమెరాలు, లెన్సులు అద్దెకిచ్చే ఒక సంస్థలో లెన్సులు బాగుచేయడం నా పని. షూటింగుకు వెళ్ళొచ్చిన లెన్సులో దుమ్ము చేరినా, రింగు బిగుసుకుపోయినా, లోపల చిన్న మేకు అరిగినా, విప్పి సరిచేసి మళ్ళీ బిగిస్తాను. మాది గోదావరి వైపు. ఆవిడది నల్గొండ. ఆవిడ డబ్బింగ్ థియేటర్లలో పనిచేసేది. బొంబాయి నుంచీ మా కోస్తా నుంచీ వచ్చిన నటులకు తెలంగాణ మాట నేర్పేది. 'వచ్చాడు' కాదు 'వచ్చిండు' అనాలి, అన్నాక దాన్ని గొప్పగా అన్నామన్న చూపు కంట్లో ఉండకూడదు అని చెప్పేది.

మామగారు పోయిన తర్వాత అత్తయ్యగారు మా దగ్గరికి వచ్చేశారు. టోలిచౌకిలో కొడుకు ఉన్నా కూతురి దగ్గరే ఉంటానన్నారు. నేను ఎదురుగా కూర్చున్నా నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. "అన్నం వెట్టాల్నా అడుగు" అని కూతురితో అనేవారు. ఆవిడ నవ్వు ఆపుకుంటూ నా వైపు తిరిగి, మా కోస్తావాళ్ళలా సాగదీసి, "మా అమ్మ అడుగుతోందండీ, భోంచేస్తారా?" అనేది. నేను ఆవిడకు జవాబు చెప్పేవాణ్ణి. ఆవిడ మళ్ళీ వాళ్ళమ్మకు చెప్పేది. ముగ్గురమూ ఒక్క బల్ల దగ్గరే ఉండేవాళ్ళం.

వేసవి చివర్లో ఒక మధ్యాహ్నం, జూబ్లీహిల్స్‌లో డబ్బింగ్ జరుగుతుండగా తలనొప్పిగా ఉందని చెప్పి ఆవిడ సోఫాలో కూర్చుందట. నేను బంజారాహిల్స్‌లో ఆసుపత్రికి చేరేసరికి లోపలికి తీసుకెళ్ళిపోయారు. మెదడులో రక్తనాళం చిట్లిందని చెప్పారు. ఆవిడ మళ్ళీ మాట్లాడలేదు. చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాను. ఎవరో కాఫీ ఇస్తే తాగాను. అందులో చక్కెర వేయలేదని పక్కాయన నొచ్చుకుంటే, అవునా అన్నాను.

కర్మకాండలు జరుగుతున్నన్నాళ్ళూ వచ్చినవాళ్ళంతా, చాలా ధైర్యంగా ఉన్నాడని నా గురించి చెప్పుకున్నారు. అది ధైర్యం కాదు. స్నానం చేస్తే నీళ్ళు ఒంటిమీద పడుతున్నాయని తెలిసేది, వేడివో చన్నీళ్ళో ఆలోచించి చెప్పుకోవాల్సి వచ్చేది. అందరూ వెళ్ళిపోయాక ఆఫీసుకు సెలవు పెట్టాను. ఎంతకాలం అని వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు.

అత్తయ్యగారు వంట చేసి, నా కంచం బల్లమీద పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. మాట చేరవేసే మనిషి లేదు. అందుకని మాటే లేదు.

మా వెనక బాల్కనీలో, బట్టలుతికే చోట, గ్రిల్లుకు రేకు కొట్టించి, లోహాన్ని తిప్పుతూ కోసే చిన్న లేత్ ఒకటి పెట్టుకున్నాను. బల్లమీద పట్టే రకం. చాలా ఏళ్ళ క్రితం సెకండ్ హ్యాండులో కొన్నది. లెన్సుల్లోకి కావలసిన ఇత్తడి మేకులు, చిన్న రింగులు దానిమీద చేసుకునేవాణ్ణి. సెలవులో ఉండగా ఒక ఉదయం ఏమీ తోచక దాని దగ్గరికి వెళ్ళాను. చేయవలసిన పనంటూ ఏమీ లేదు. ఒక సన్నటి ఇత్తడి కడ్డీ తీసుకుని చక్‌లో బిగించాను.

చక్ అంటే లేత్ ముందు భాగంలో తిరిగే ఇనుప దిమ్మ. దానికి మూడు దవడలుంటాయి. తాళం చెవి లాంటి ఒక ఇనుప కీతో తిప్పితే మూడూ దగ్గరికొచ్చి కడ్డీని పట్టుకుంటాయి. బిగించాక కీ తీసేసి, అప్పుడు స్విచ్ వేయాలి. ఈ పని నేర్చుకునేవాళ్ళకు మొదట చెప్పేది అదే.

కీ తీయకుండానే స్విచ్ వేశాను.

కీ ఎగిరిపోయింది. నా చెవి పక్కనుంచి ఏదో పోయినట్టయింది. వెనకాల పెద్ద చప్పుడు. తిరిగి చూస్తే, గుమ్మం పక్కన ఉన్న స్టీలు బకెట్టుకు గుంట పడింది. గుమ్మం అవతల అత్తయ్యగారు చేటలో బియ్యం ఏరుతూ కూర్చుని ఉన్నారు. బకెట్టుకూ ఆమె మోకాలికీ మధ్య జానెడు దూరం లేదు.

నేను స్విచ్ ఆపాను. నాకు భయం వేయలేదు. బకెట్టు వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆమె చేట పక్కన పెట్టి లేచారు. వంగి కీ తీసుకున్నారు. నేరుగా నా మొహంలోకి చూసి మాట్లాడారు.

"నీకేం తాకలే గదా?"

"లేదండీ. మీకు?"

"నాకేం గాలే." కీని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏంది గిది? మిషన్ చాబియా?"

"చక్ కీ అంటారండీ. తీయడం మర్చిపోయాను."

"ఇగ ఈ చాబి నా దగ్గరుంటది," అన్నారామె. "నీకు కావాలంటే అడుగు. బిగించినంక నాకిచ్చి, గప్పుడు మిషన్ చాలు చెయ్."

చీర కొంగు అంచుకు ఆ కీని కట్టి ముడి వేసుకుని, మళ్ళీ చేట ముందేసుకుని కూర్చున్నారు. అప్పటిదాకా అన్నేళ్ళలోనూ ఆమె నాతో అన్ని మాటలు మాట్లాడలేదు.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ ఆ మూడు దవడల గురించి ఆలోచించాను. సన్నటి కడ్డీని అవి సరిగ్గా నడిమధ్యన పట్టవు. మెత్తటి ఇత్తడి మీద నొక్కులు పడతాయి. తిరుగుతున్నప్పుడు వాటి అంచులు కంటికి కనబడవు, చొక్కా చెయ్యో వేలో తగిలితే లాక్కుంటాయి. నిలకడగా ఉన్న మనిషికైతే పరవాలేదు. నేను అలా లేనని ఆ పూట తెలిసింది. నా సంగతి ఎలా ఉన్నా, గుమ్మంలో ఒక మనిషి కూర్చుంటోంది.

అందుకే కాలెట్ చక్ చేద్దామనుకున్నాను. కాలెట్ అనేది నిలువునా చీలికలు కోసిన చిన్న ఉక్కు గొట్టం. దాన్ని లోపలికి వాలుగా ఉన్న గూటిలో పెట్టి పైనుంచి నట్టు బిగిస్తే, చీలికలన్నీ ఒకేసారి ముడుచుకుని కడ్డీని చుట్టూ సమంగా పట్టుకుంటాయి. దవడల్లేవు, అంచుల్లేవు. బయటికి నున్నగా ఉంటుంది. నట్టు బిగించే పానా కూడా మర్చిపోతే ఎగురుతుందనుకోండి, కాని అది కీలాగా దానంతటది నిలబడి ఉండదు, వదిలితే జారి కింద పడుతుంది. కాలెట్లూ నట్టూ బజార్లో దొరుకుతాయి. వాటిని పట్టుకునే గూడు, మా లేత్‌కు సరిపోయేది, నేనే చేసుకోవాలి.

బాలానగర్ వెళ్ళి గుండ్రటి ఉక్కు దిమ్మ ఒకటి కోయించి తెచ్చాను. ఆవిడ పోయాక నేను పనిమీద ఇల్లు దాటడం అదే మొదలు. తిరిగొచ్చేసరికి తొలకరి వాన మొదలైంది. అత్తయ్యగారు తలుపు తీసి, నా చేతిలో సంచి బరువు చూసి, "గింత ఇనుమా?" అన్నారు.

మర్నాడు పని మొదలుపెట్టాను. దిమ్మ బరువైంది కాబట్టి అన్నిటికన్నా తక్కువ వేగం పెట్టాను. ఉంగరం తీసేశాను. పొట్టి చేతుల చొక్కా వేసుకున్నాను. కళ్ళకు అద్దాలు పెట్టుకున్నాను. గ్లౌజులు వేసుకోలేదు, తిరిగే మిషన్ దగ్గర అవి చేతిని కాపాడవు, పట్టిస్తాయి. కీ అడిగి తీసుకున్నాను. దిమ్మను బిగించి, కీ తిరిగి ఇచ్చి, చక్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా తగలడం లేదని చూసుకుని, స్విచ్ వేశాను. అత్తయ్యగారు కుర్చీ గుమ్మం లోపలికి, గోడ చాటుకి జరుపుకున్నారు. అక్కడినుంచి తిరిగే చక్ కనబడదు. నా చేతులు మాత్రం కనబడతాయి.

ఉక్కు పొరలు పొరలుగా లేచింది. వేడిగా, నీలం రంగు తిరిగి, చుట్టలు చుట్టుకుని రాలింది. ఒక చుట్ట పొడుగ్గా సాగి కోసే టూలుకు వేలాడితే అలవాటుగా చెయ్యి చాపాను.

"చెయ్యి," అన్నారామె.

చెయ్యి వెనక్కి తీసుకుని, మిషన్ ఆపి, వంచిన తీగతో దాన్ని లాగాను. ఆ పొట్టు బ్లేడులా కోస్తుంది. తిరుగుతున్నప్పుడైతే వేలిని చుట్టేస్తుంది. ఆ రోజంతా ఆమె ఆ ఒక్క మాటే అన్నారు.

దిమ్మకు వెనకవైపు లేత్ స్పిండిల్ మీద, అంటే చక్‌ను తిప్పే ఇరుసు మీద, బిగువుగా కూర్చునేలా గుంట తీయాలి. కొద్దికొద్దిగా కోసి, ఆపి, కొలిచి, మళ్ళీ కోసేవాణ్ణి. గుంట సరిగ్గా కూర్చున్నాక బోల్టులకు రంధ్రాలు వేశాను. ఆ తర్వాత మూడు దవడల చక్‌ను విప్పి పక్కన పెట్టేసి, దిమ్మనే స్పిండిల్‌కు బిగించాను. మిగతా పనంతా అక్కడే, అది తిరిగే చోటే కోస్తే, లేత్‌కూ దానికీ నడిమధ్య ఒకటే అవుతుంది. వంకర రాదు.

ఇక చక్ కీ అవసరం లేదు. ఆ సంగతి అత్తయ్యగారికి చెప్పాను కూడా. "మంచిది," అన్నారు. మర్నాడు పొద్దున మళ్ళీ కుర్చీ తెచ్చుకుని కూర్చున్నారు. కీ కొంగునే ఉంది.

వానలు పట్టుకున్నాయి. రేకు మీద వాన పడుతుంటే లేత్ చప్పుడు వినబడేది కాదు. చప్పుడు వినబడకపోతే టూలు సరిగా కోస్తోందో లేదో తెలీదు కాబట్టి ఆపేసేవాణ్ణి. అలాంటప్పుడు ఇద్దరం ఊరికే కూర్చునేవాళ్ళం. నేను కావాలని ఆలస్యం చేశానని చెప్పలేను. తొందరపడలేదు.

ఆ రోజుల్లోనే మా బావమరిది వచ్చాడు. టోలిచౌకిలో టైల్స్ షాపు అతనిది. మనిషి మంచివాడు, మొహమాటస్థుడు. టీ తాగుతూ చాలాసేపు వానల గురించి మాట్లాడాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి అసలు మాట చెప్పాడు.

"అమ్మను తీస్కపోత బావా."

నేను ఖాళీ గ్లాసు అందుకున్నాను.

"తప్పుగ అనుకోకు. అక్క ఉన్నప్పుడు వేరు. ఇప్పుడు అల్లుని ఇంట్ల ఉంటే మంది ఏమనుకుంటరు? నీక్కూడ ఇబ్బందే గదా."

"నాకేం ఇబ్బంది లేదు," అన్నాను. అది నిజమే. కాని ఉండమని అడగడానికి నాకు ఏ వరసన హక్కుందో తోచలేదు.

అత్తయ్యగారు వంటింటి గుమ్మంలో నిలబడి విన్నారు. "ఇప్పుడు గాదు," అన్నారు కొడుకుతో. "మిషన్ పని నడుస్తుంది."

"మిషన్ పనేందమ్మా? నువ్వేం జేస్తవ్ ఆడ?"

"కూసుంట."

అతను నా వైపు చూశాడు. నేను బల్ల వైపు చూశాను. ఇంకో వారం ఆగి వస్తానని చెప్పి వెళ్ళాడు. వచ్చినప్పుడు కూడా ఆమె అదే చెప్పారు. "ఇంకా గాలే. అయినంక వస్త తియ్యి."

మరలు కోయవలసిన రోజు వచ్చింది. దిమ్మ ముందు భాగాన్ని నట్టు ఎక్కేంత సన్నగా చేశాను, దానిమీద చుట్టూ మరలు కోయాలి. సన్నటి భాగం ముగిసే మెట్టు దగ్గర మరలు ఆగిపోవాలి. మోటారుతో కోస్తే ఆ మెట్టు దగ్గర రెప్పపాటులో టూలు వెనక్కి తీయాలి. తీయకపోతే టూలు విరుగుతుంది, ఇంకా పెద్ద దెబ్బ కూడా తగలొచ్చు. మామూలు రోజుల్లోనైతే నన్ను నేను నమ్మేవాణ్ణి. ఇప్పుడు నమ్మబుద్ధి కాలేదు. అందుకని స్పిండిల్ వెనక కొసకు ఒక పిడి బిగించాను. మోటారు ప్లగ్గు గోడనుంచి పీకేసి, తీగ చుట్టి బల్లమీద అందరికీ కనబడేలా పెట్టాను. చేత్తో పిడి తిప్పితే స్పిండిల్ నెమ్మదిగా తిరుగుతుంది, దానితోపాటు టూలు దానంతటది పక్కకు నడుస్తుంది. ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు.

కాని ఒక చెయ్యి పిడి మీద, ఇంకో చెయ్యి టూలు మీద, కళ్ళు మెట్టు మీద పెట్టడం కుదరలేదు. పిడి ఎడమ చివర, నేను చూడవలసింది కుడివైపు. రెండుసార్లు ప్రయత్నించి నిలబడిపోయాను.

"నన్ను తిప్పమంటవా?" అన్నారు అత్తయ్యగారు.

"బరువుగా ఉంటుందండీ."

"ఇసుర్రాయి తిప్పిన చేతులే గదా."

కుర్చీ జరుపుకుని పిడి దగ్గర కూర్చున్నారు. కొంగు చుట్టి నడుములో దోపుకున్నారు. బంగారు గాజులు మోచేతి వైపు పైకి తోసుకుంటే మళ్ళీ జారుతున్నాయి. వాటిని తీసేయమని అడగలేక, ఒక పాత రబ్బరు బ్యాండు ఇచ్చాను. దాన్ని గాజుల మీద బిగించుకున్నారు. నేను 'తిప్పండి' అంటే తన వైపుకు తిప్పాలి. 'ఆపండి' అంటే ఆపాలి. నేను టూలు వెనక్కి లాగి 'వెనక్కి' అన్నాక అటువైపు తిప్పాలి. మళ్ళీ మొదటికి వచ్చాక నేను టూలును వెంట్రుక మందం లోపలికి జరుపుతాను. మళ్ళీ తిప్పాలి. అంతే పని.

"తిప్పండి."

మొదటి గీత వెండి దారంలా దిమ్మ చుట్టూ పడింది.

"ఆపండి. వెనక్కి."

కాసేపటికి మాటలు అక్కర్లేకుండానే సాగింది. ఆమె నా చేతిని చూసి ఆపుతున్నారు, నా చేతిని చూసి తిప్పుతున్నారు. బయట వాన లేదు. కింద సందులో ఎవరో కారు వెనక్కి తీస్తున్నారు.

"నువ్వు ఏడ్వలే," అన్నారామె ఉన్నట్టుండి. పిడి ఆపలేదు.

"లేదండీ."

"అందరు నన్నే అడిగిన్రు. అల్లునికి బాధ లేదా అని."

"మీరేమన్నారు?"

"నాకు దెల్వదన్న."

మెట్టు దగ్గరికి వచ్చింది. "ఆపండి," అన్నాను. టూలు లాగాను. ఆమె వెనక్కి తిప్పారు. మళ్ళీ టూలు లోపలికి జరిపాను.

"నేను గూడ దినాలైనంక ఏడ్వలే," అన్నారు. "ఏడుపొస్తదేమో అని కూసుంట. రాదు. బియ్యం ఏరుత. ఏరిన బియ్యమే మల్ల ఏరుత. నువ్వు చూసినవో లేదో."

చూడలేదు. రోజూ ఆ చేట ఆమె ముందు ఉండేది, అంతవరకే తెలుసు.

"నేనూ అంతేనండీ," అన్నాను. "ఈ దిమ్మ ఏం చేస్తున్నానో కూడా ఒక్కోసారి తెలీదు. చేతులు చేస్తున్నాయి."

"చెయ్యనియ్. చేతులన్న చెయ్యాలె గదా."

మరలు లోతయ్యాయి. పిడి బరువెక్కుతోంది, ఆమె రెండు చేతులతో తిప్పుతున్నారు. కాసేపు ఆగుదామంటే వద్దన్నారు. కాసేపయ్యాక వాళ్ళ ఊళ్ళో ఇసుర్రాయి పాట ఏదో గొంతులోనే అనుకుంటున్నట్టు అనిపించింది. పాట కాదు, ఊపిరి. అలిసిపోయారు. అప్పుడిక నేనే ఆపేశాను.

నట్టు పెట్టి చూస్తే ఎక్కలేదు. మొదటి చుట్టులోనే పట్టేసింది. పానాతో బలవంతం చేద్దామని అందుకున్నాను.

"రేపు చూద్దాం తియ్యి," అన్నారామె. "ఎక్కకపోతే ఏమాయె?"

పానా కింద పెట్టాను. మర్నాడు పొద్దున ఇంకొక్క పలచటి పొర తీసి, నూనె రాసి పెడితే నట్టు మెత్తగా, వేళ్ళతోనే, మెట్టు దాకా ఎక్కింది. ఆమెను తిప్పి చూడమన్నాను. తిప్పారు. తీశారు. మళ్ళీ ఎక్కించారు. "సీసా మూత లెక్కనే ఉంది," అన్నారు.

చివరి పని లోపలి వాలు. గూటి లోపలివైపు, కాలెట్ వీపు ఎంత వాలుగా ఉందో అంతే వాలుగా కోయాలి, వెంట్రుకంత తేడా వచ్చినా కాలెట్ ఒక చోటే ఆని మిగతా చోట్ల ఊగుతుంది. అది మోటారుతోనే కోశాను, మళ్ళీ తక్కువ వేగంలో. లోపల కోసేటప్పుడు టూలు కనబడదు. గూటిలో ఏముందో చూడ్డానికి వేలు పెట్టాలనిపిస్తుంది. ప్రతిసారీ ఆపాను. పూర్తిగా నిలిచిందాకా ఆగాను. అప్పుడే చెయ్యి పెట్టాను.

కాలెట్ వీపుకు నీలం సిరా పల్చగా రాసి, గూటిలో పెట్టి కొద్దిగా తిప్పి తీస్తే, ఎక్కడ తగులుతోందో అక్కడ సిరా అంటుకుంటుంది. మొదట బయటి అంచుకు మాత్రమే అంటింది. వాలు కొంచెం సర్ది మళ్ళీ కోశాను. ఈసారి లోపలి కొసకే అంటింది. మళ్ళీ సర్దాను. అలా చాలాసార్లు. అత్తయ్యగారు టార్చి పట్టుకునేవారు. ఆమె వేళ్ళకు నీలం అంటి, అక్కడినుంచి చీరకు, వంటింట్లో డబ్బాలకు కూడా అంటింది. ఒకరోజు తీసి చూస్తే లోపలంతా, అటునుంచి ఇటుదాకా, సమంగా నీలం పరుచుకుని ఉంది.

కాలెట్‌లో నున్నటి కడ్డీ బిగించి, దానికి డయల్ గేజ్ ఆనించి, చేత్తో తిప్పాను. కడ్డీ వంకరగా తిరిగితే గేజ్ ముల్లు అటూ ఇటూ ఊగుతుంది.

"కదుల్తలేదు గదా," అన్నారామె వంగి చూసి.

"కదలకూడదండీ."

"మరి మంచిగయిందన్నట్టే."

"ఆఁ. మంచిగానే అయింది."

సంతోషం వేయాలి. వేయలేదు. కాని పని అయిందన్నది స్పష్టంగా తెలిసింది. కొంతకాలంగా నాకు ఏదీ అంత స్పష్టంగా తెలిసింది కాదు.

ఆ వారంలోనే ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. నాతో పనిచేసే కుర్రాడు మొహమాటపడుతూ అడిగాడు. పాత లెన్సు ఒకటి, కెమెరామన్ అదే కావాలంటున్నాడు, లోపల మేకు అరిగిపోయి ఫోకస్ రింగు జారుతోంది, ఆ మేకు బయటెక్కడా దొరకడం లేదు అన్నాడు. కొలతలు చెప్పమన్నాను. ఇత్తడి కడ్డీ కాలెట్‌లో బిగించి, పానా పక్కన పెట్టి, చేత్తో తిప్పి చూసుకుని, స్విచ్ వేశాను. గోరు కొస అంత మేకు. ఎక్కడా నొక్కు పడలేదు. దాన్ని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని జూబ్లీహిల్స్‌లో మా ఆఫీసుకు వెళ్ళాను. లెన్సు విప్పి బిగించేసరికి సాయంత్రమైంది. అక్కడివాళ్ళెవరూ ఏమీ అడగలేదు. నా బల్లమీద దుమ్ము తుడిచి పెట్టారు. మర్నాడు కూడా వెళ్ళాను.

మూడో రోజో నాలుగో రోజో, ఇంటికొచ్చేసరికి హాల్లో అత్తయ్యగారి సంచులు సర్ది ఉన్నాయి.

"పొద్దుగాల వాడొస్తుండు," అన్నారు. "నేనే రమ్మన్న."

"ఎందుకండీ?"

"నువ్వు డ్యూటీకి పోతున్నవ్. పొద్దంత ఒక్కదాన్నే ఈ ఇంట్ల ఉండలేను బిడ్డా. బిడ్డ లేని ఇల్లు. నువ్వు ఆడ మిషన్ కాడ ఉంటే వేరే."

ఉండమని అనాలనుకున్నాను. అంటే ఉండేవారేమో. కాని ఆమె చెప్పింది నిజం. పగలంతా ఆ ఇంట్లో ఉండడమంటే ఏమిటో నాకు తెలుసు.

"అలాగేనండీ," అన్నాను.

పొద్దున బావమరిది కారు తెచ్చాడు. సంచులు నేనే కిందికి దింపాను. కారెక్కే ముందు ఆమె కొంగు ముడి విప్పి కీ నా చేతిలో పెట్టి, "ఒక్కనివే ఉన్నప్పుడు పెద్ద ఇనుము ముట్టకు," అన్నారు. అప్పటినుంచీ ముట్టలేదు. చిన్న కడ్డీలే చేస్తున్నాను. పాత చక్ మళ్ళీ పెట్టాల్సి వస్తుందేమోనని కీకి ఒక స్ప్రింగ్ బిగించాను. చేత్తో నొక్కి పట్టుకుంటేనే చక్‌లో ఉంటుంది, వదిలేస్తే బయటికి తన్నేస్తుంది.

ఫిలింనగర్ నుంచి టోలిచౌకి దూరమేం కాదు. షేక్‌పేట మీదుగా దిగితే వచ్చేస్తుంది. మొదటి ఆదివారం వెళ్ళాను. వాళ్ళ ఇల్లు షాపు పైనే. కింద టైల్స్ కోస్తున్న చప్పుడు మేడ దాకా వినబడుతోంది. అత్తయ్యగారు మేడమీద మిరపకాయలు ఎండబెడుతున్నారు. పక్కింటావిడ పిట్టగోడ అవతలినుంచి, ఎవరొచ్చారని ఉర్దూలో అడిగింది.

"మా అల్లుడు," అన్నారామె. "సినిమోల్ల అద్దాలు బాగుజేస్తడు."

'మా అల్లుడు' అని ఆమె ఇంకొకరితో అనడం ముందెప్పుడూ నేను వినలేదు. నా ఎదట నన్ను 'ఆయన' అనేవారు.

అన్నం పెట్టారు. తిన్నాను. ఇంకొంచెం కూర వేయనా అని నన్నే అడిగారు. వేయమన్నాను. బావమరిది భార్య ఏదో మాట్లాడింది, పిల్లలు టీవీ పెట్టారు. తింటున్నంతసేపూ ఆమె ఎదురుగానే కూర్చున్నారు, వంటింట్లోకి వెళ్ళిపోలేదు. మా ఆవిడ మాట ఎవరమూ ఎత్తలేదు. ఆ బల్ల దగ్గర ఆవిడ ఉన్నట్టూ అనిపించలేదు, లేనట్టూ అనిపించలేదు. ఎలా అనిపించిందో నాకు సరిగా తెలీదు.

లేచి చెయ్యి కడుక్కుంటుంటే ఆమె వెనకే వచ్చి తువ్వాలు అందించారు.

"మల్లెప్పుడొస్తవ్?"

"వచ్చే ఆదివారం వస్తానండీ."

"ఆదివారం వద్దు. వీళ్ళందరుంటరు, మాట్లాడనియ్యరు. శనివారం రా. ఆనాడు నేనొక్కదాన్నే ఉంట."

శనివారం వెళ్ళాను. వెళ్తూనే ఉన్నాను. ఎక్కువేం మాట్లాడుకోం. ఆమె మెంతికూర ఒలుస్తుంటే నేనూ ఒక కట్ట ముందేసుకుని కూర్చుంటాను. ఆకు తీసి కాడ పడేయాలని, లేత కాడ అయితే ఉంచాలని చెప్తారు. చెప్పింది మళ్ళీ చెప్తారు. సాయంత్రానికి బండి తీసుకుని ఇంటికి వస్తాను.